జర్మనీ దేశపు దినచర్యలో మేము గమనించిన కొన్ని భేదములు

గడచిన వేసవి సెలవులలో మేము జర్మనీ దేశమునకు ఉత్తరభాగమున నున్న నీడర్‌జాక్సన్ రాష్ట్రములో అయిదు వారములు నివసించితిమి. ఆ ప్రాంతము తెలుగు క్రైస్తవులకు బొత్తిగా క్రొత్తది కాదు. అచ్చటి హెర్మన్స్‌బుర్గ్ అను గ్రామమున లూడ్విగ్ హార్మ్స్ పాదిరిగారు 1849వ సంవత్సరమున స్థాపించిన మిషనువారు, 1860 దాటిన పిదప మన దక్షిణ నెల్లూరు సీమకు వచ్చి, సూళ్లూరుపేట, నాయుడుపేట మొదలగు స్థలములలో పనిచేసిరి. మేము తిరిగివచ్చినది మొదలు ఆ దేశమును గూర్చి అనేకులు ప్రశ్నించుచున్నారు. విద్యార్థులు రైళ్లను గూర్చియు, యంత్రములను గూర్చియు అడుగుదురు. కుమారుని గాని కుమార్తెను గాని అచ్చటి విశ్వవిద్యాలయమునకు పంపదలచిన తలిదండ్రులు మాత్రము, “మాస్టారూ, అక్కడి మనుష్యులు మంచివారేనా? మనవాళ్లతో మాట్లాడుతారా?” అని అడుగుదురు. ఈ రెండవ ప్రశ్న పెద్దది. దానికి అవుననియో కాదనియో ఒక్క మాటలో చెప్పుటకంటె, ప్రతిదినము వాకిటను, భోజనపు బల్లయొద్దను, మెట్లమీదను జరుగు చిన్న సంగతులను వివరించుట మేలని తోచినది. పరదేశమున మనుష్యులు మంచివారో కారో అని మనము నిర్ణయించునది ఈ చిన్న సంగతులను బట్టియే గదా.

మొదట నిశ్శబ్దమును గూర్చి చెప్పవలెను. మన యూరిలో ఒక యిల్లు నిశ్శబ్దముగా నున్నచో పొరుగువారు వచ్చి, అందరును క్షేమమేనా యని విచారింతురు. అచ్చట నిశ్శబ్దము పొలము వంటి ఆస్తి. రైతు పొలమునకు గట్టు ఉన్నట్లే ప్రతి గృహస్థుని నిశ్శబ్దమునకును ఒక గట్టు కలదు. పొరుగువాడు దానిని త్రొక్కరాదు. రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటలవరకు చప్పుడు చేయరాదనుట సామాన్య నియమము. ఆదివారము దినమంతయు అట్టిదే. నివాస ప్రదేశములలో పచ్చిక కోయు యంత్రమును ఆదివారమున నడుపరాదని 2002వ సంవత్సరమున నిబంధనయే చేసిరి. గాజు సీసాలను వేయుటకు వీధులలో తెలుపు, ఆకుపచ్చ, గోధుమ రంగు గాజులకు వేరు వేరుగా పెద్ద తొట్లు ఉంచుదురు. సీసా లోపలపడి పగిలిన చప్పుడు పొరుగువారికి వినబడును గనుక ఆదివారమున వాటిలో సీసాలు వేయరాదు. పలు కాపురములు గల భవనములలో మెట్ల మొదట ‘హౌస్‌ఓర్డ్‌నుంగ్’ అను నియమముల పట్టిక వ్రేలాడుచుండును. మెట్లు ఎవరు ఎప్పుడు తుడువవలెనో, బట్టలు ఎచ్చట ఆరవేయవలెనో, ఏ వేళ నిశ్శబ్దముగా నుండవలెనో అందులో వ్రాసియుండును.

ఆదివారపు విశ్రాంతి అచ్చట వట్టి అలవాటు కాదు. అది రాజ్యాంగమునందే కలదు. ఆదివారమును, ప్రభుత్వము గుర్తించిన పండుగలును పనినుండి విశ్రాంతికిని ఆత్మోన్నతికిని ఏర్పడిన దినములుగా కాపాడబడవలెనని 1919వ సంవత్సరపు వైమార్ రాజ్యాంగమున వ్రాసిరి. 1949లో నూతన రాజ్యాంగము ఏర్పడినప్పుడు ఆ నియమమును దాని 140వ అధికరణము ద్వారా అట్లే నిలుపుకొనిరి. బెర్లిను నగరమువారు క్రిస్మసుకు ముందటి ఆగమనకాలపు నాలుగు ఆదివారములును అంగళ్లు తెరచుటకు సెలవియ్యగా, ప్రొటెస్టెంటు సంఘమును కథోలిక సంఘమును కలిసి న్యాయస్థానమునకు పోయినవి. అది చెల్లదని 2009 డిసెంబరు 1వ తేదీన ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానము తీర్పు చెప్పెను. కావున శనివారము సాయంకాలమునకే పాలు, రొట్టె, కూరగాయలు కొని యుంచుకొనవలెను. మరునాడు రైల్వే స్టేషనులోని అంగళ్లును, పెట్రోలు అమ్ము స్థలములును, ఉదయము కొన్ని గంటలు రొట్టెల దుకాణములును తప్ప తక్కినవన్నియు మూసియుండును. ఆదివారమున సంత జరుగు ఊళ్లనుండి పోయిన మనకు ఇది వింతగానే తోచును.

ఈ సంగతి ఇంత విస్తరించి వ్రాయుటకు కారణము కలదు. మేము బసచేసిన పట్టణమున మన తెలుగు యువకుడొకడు చదువుకొనుచుండెను. అతడు ప్రతి ఆదివారమును వేకువను 5 గంటలకు లేచి, తన గదికి చేర్చియున్న బాల్కనీలో నిలువబడి, ఊరిలోని తల్లితో ఫోనులో మాటలాడెడివాడు. అచ్చటి వేసవిలో 5 గంటలైనప్పుడు మనకు ఎనిమిదిన్నర. ఆమె గుడికి బయలుదేరు సమయము. వారమంతటిలో తల్లి స్వరము తీరికగా వినుట అతనికి ఆ వేళనే. ఒకనాడు అతని తలుపు సందున ఒక కాగితము కనబడెను. అది క్రింది అంతస్తులో ఒంటరిగా నివసించు వృద్ధురాలు వ్రాసినది. ఆమె తనను పరదేశి యని ద్వేషించుచున్నదని అతడు నిశ్చయించుకొని, రెండు నెలలు ఆమెకు మెట్లమీద నమస్కారము చెప్పుట మానెను. ఇల్లు మారుటకు వెదకుచుండెను. తల్లికి ఫోను చేయుటయు తగ్గించెను. ఆ తల్లి, కుమారునికి ఏమాయెనో యని ఇచ్చట దిగులుపడుచుండెను.

ఆ కాగితమును అతడు దాచియుంచెను గనుక మేము చూచితిమి. అందులోనిది ఇంతే: తన పడకగది సరిగా ఆ బాల్కనీ క్రిందనే యున్నదనియు, వేకువనే మెలకువ వచ్చిన తరువాత తిరిగి నిద్రపట్టదనియు, దయచేసి కిటికీ మూసికొని లోపల మాటలాడినచో మేలనియు, క్రింద స్నేహపూర్వక వందనములనియు వ్రాసియుండెను. మన దేశమున ఒక గోడ ఆవల నున్నవారు కాగితము వ్రాసి పంపినచో అది వకీలు నోటీసుతో సమానము. మాటలు తెగిపోయిన పిదపనే ఉత్తరములు నడుచును. ఏదైన చెప్పవలసియున్నచో మన పిన్నమ్మగారో అత్తయ్యగారో వాకిట నిలువబడి, మొదట ఆరోగ్యము విచారించి, పిదప కూర ఏమి వండితిరని అడిగి, కట్టకడపట అసలు మాట చెప్పుదురు. అచ్చట ఎదురుపడి తప్పు చెప్పినచో అవతలివాడు సిగ్గుపడునని కాగితము వ్రాయుదురు. చదువుకొని, ఎవరి యెదుటను తలవంచకుండ సరిచేసికొనుటకు అది సందు ఇచ్చును. ఆ వృద్ధురాలు మర్యాద యనుకొని చేసినదానిని ఈ బాలుడు అవమాన మనుకొనెను. ఇప్పుడతడు అవతలి ప్రక్కనున్న వంటగదిలోనుండి తల్లితో మాటలాడుచున్నాడు. మెట్లమీద ఆమెయు అతడును వందనము చెప్పుకొందురు. అంతకుమించి స్నేహమేమియు కలుగలేదు.

పరదేశులను ద్వేషించువారు ఆ దేశమున లేరని మేము చెప్పము. ఉన్నారు, పత్రికలు చదువువారికి ఆ సంగతి తెలిసినదే. అందుచేతనే ద్వేషము కానిదానిని ద్వేషమని యెంచకుండుట అచ్చటికి పోవు పిల్లలకు మరింత అవసరము. లేనిచో నిజమైన ఆపద వచ్చినప్పుడు ఎవరియొద్దకు పోవలెనో వారికి తెలియకపోవును.

ఇక భోజనము. మధ్యాహ్నమున వేడి పదార్థములును, సాయంకాలమున ‘ఆబెంట్‌బ్రోట్’ అనగా సాయంకాలపు రొట్టె యను చల్లని భోజనమును పలు ఇండ్లలో ఆచారము. నల్లని రొట్టె ముక్కలు, వెన్న, జున్ను, దోసకాయ ఊరగాయ, మాంసపు పలుచని ముక్కలు బల్లమీద నుంచుదురు. ఎవరికి కావలసినది వారు తీసికొందురు. రాత్రి వేడి యన్నము లేనిదే భోజనము చేసినట్లు తోచని మనవారికి మొదటి వారము కష్టముగానే యుండును. తెల్లని ఆస్పరాగస్ దుంపకూర వంటి ఒక మొలక వసంతకాలమున వచ్చును. దానిని ఆ ప్రాంతమువారు మనము మామిడిపండ్లకొరకు ఎదురుచూచినట్లు ఎదురుచూతురు. బాప్తిస్మమిచ్చు యోహాను దినమైన జూన్ 24వ తేదీతో దాని కోత ముగించుట వాడుక.

కాని ఆకలికి కారణము రొట్టె కాదు, మాట. మనలో అతిథి మొదట వద్దనవలెను. గృహిణి మరల అడుగవలెను. అతడు మరల చాలుననవలెను. ఆమె “మీకు మా వంట నచ్చలేదేమో” అని నొచ్చుకొని, అతడు చేయి అడ్డము పెట్టుచుండగనే విస్తరిలో వడ్డింపవలెను. ఇది ఇరువురకును తెలిసిన నాటకము; ఇందులో అసత్యమేమియు లేదు. జర్మనీలో మొదటి ‘వద్దు’ నిజమైన వద్దు. గృహిణి ఒకసారి అడుగును, అతిథి వద్దనును, గిన్నె ముందుకు సాగిపోవును. ఆమె దృష్టిలో రెండవసారి అడుగుట ఆయన మాటను నమ్మకపోవుట. దీనిపై మరియొక చిక్కు కలదు. ‘డాంకె’ అనగా ‘కృతజ్ఞతలు’ అని మనము పుస్తకమున నేర్తుము. ఏదైన ఇచ్చుచున్నప్పుడు మనవాడు మర్యాదగా ‘డాంకె’ అని ఊరకుండిన యెడల, దానికి ‘కృతజ్ఞతలు, వద్దు’ అని వారు అర్థము చెప్పుకొందురు. కావలెననుటకు ‘బిట్టె’ అనవలెను. దానితోబాటు మనము తల ప్రక్కలకు ఊపి అవుననుట యొకటి. అది వారికి కాదనుటగా గాని, మనసు కుదరకుండుటగా గాని కనబడును. తల ఊపుచు ‘డాంకె’ అన్న తెలుగు యువకునికి ఆ పూట రెండవ ముక్క దొరకుట దుర్లభము.

కృతజ్ఞత మాట వచ్చినది గనుక ఒక సంగతి. అచ్చట ఉప్పుడబ్బీ అందించిన తల్లికి కుమారుడు ‘డాంకె’ అనును. మీ భాషలో ఈ మాట లేదా, మీరు ఇంటిలో వాడుట వినలేదేమి అని మా గృహస్థులు మమ్ము అడిగిరి. ధన్యవాదములను మాట సభలలోను ఉత్తరములలోను కలదనియు, తల్లి అన్నము పెట్టినప్పుడు ఆ మాట చెప్పినచో, “నేనేమైన పరాయిదాననా” అని ఆమె కన్నీరు పెట్టుకొనుననియు మేము చెప్పితిమి. వారు కొంతసేపు ఆలోచించిరి. తమ తల్లి, కుమారుడు ఆ మాట చెప్పనిచో కన్నీరు పెట్టుకొనునని ఆ యింటి యజమానుడు బదులు చెప్పెను.

సంబోధనలో మాత్రము మనమును వారును దగ్గరివారము. ఇంగ్లీషు భాషలో అందరికిని ఒకటే మాట. జర్మను భాషలో మన ‘నీవు’, ‘మీరు’ వలెనే ‘డూ’, ‘జీ’ అని రెండు కలవు. బంధువులను, స్నేహితులను, పిల్లలను ‘డూ’ అందురు. క్రొత్తవారిని, పెద్దలను ‘జీ’ అందురు. ఇరువురు పరిచయస్థులు ‘జీ’ నుండి ‘డూ’కు మారుట చిన్న సంగతి కాదు, వయసున పెద్దవారు సెలవియ్యవలెను. పాఠశాలలో చిన్నవారిని ఉపాధ్యాయులు ‘డూ’ అందురు గాని, పై తరగతులకు వచ్చిన విద్యార్థిని ‘జీ’ అని గౌరవించుట వాడుక. పదునారేండ్ల బాలుని ఉపాధ్యాయుడు ‘మీరు’ అనుట మన విద్యార్థులకు చెప్పగా వారు మిక్కిలి సంతోషించిరి. మేము ఇంకను ఆ పద్ధతి అవలంబింపలేదు. ప్రార్థనలో దేవుని వారును ‘డూ’ అందురు, మనమును ‘నీవు’ అందుము. ఇంత మర్యాదగల రెండు భాషలును సర్వోన్నతుని యెదుట ఇంటిమాటకే దిగివచ్చుట ఆశ్చర్యము. సెలవు పుచ్చుకొనునప్పుడు కూడ అట్లే. మనము పోవుచున్నానని చెప్పము, పోయి వచ్చెదనందుము. వారి ‘ఔఫ్ వీడర్‌జేన్’ అను మాటకు మరల చూచువరకు అని అర్థము.

పేరు విషయమున మాత్రము చిక్కు వచ్చును. మనకు ఇంటిపేరు ముందుండును; దానిని ఒక యక్షరముగా కుదించి దాచుకొందుము; ఎవరును దానితో పిలువరు. అచ్చట ఇంటిపేరు వెనుకనుండును, పిలుపు దానితోనే. వైద్యుని యొద్ద కూర్చున్న తెలుగువాని ఇంటిపేరు పెట్టి కేకవేయగా, తనను గాదు, తన తాతగారిని పిలిచినట్లు అతనికి తోచును. వైద్యుని నిరీక్షణశాల యనగా జ్ఞాపకము వచ్చినది: వీధిలో ముక్కు మొగము తెలియనివారిని పలుకరింపని ఆ జనులే, ఆ గదిలోనికి వచ్చునప్పుడు అందరికిని కలిపి వందనము చెప్పి కూర్చుందురు. దీనికి హేతువును ఎవరును మాకు చెప్పలేకపోయిరి. ఆచారములన్నిటికిని హేతువు ఉండవలెనని మేమును పట్టుపట్టలేదు. శకునములు మన దేశమునకే పరిమితమని తలచువారికి మరియొక మాట. పుట్టినదినమునకు ఒకనాడు ముందుగా శుభాకాంక్షలు చెప్పుట అచ్చట అశుభమని యెంచుదురు.

కాలపాలనమును గూర్చి అందరును వినియే యున్నారు. మిత్రుని యింటికైనను ముందుగా చెప్పి, వేళ కుదుర్చుకొని పోవుదురు. తలుపు తట్టి “ఇటు పోవుచు వచ్చితిమి” అనుట అరుదు. గంట చెప్పుటలో ఒక ఉచ్చు కలదు. ‘హాల్ప్ ఆఖ్ట్’ అని వారందురు. మాటకు మాట ‘సగము ఎనిమిది’. మన ‘ఎనిమిదిన్నర’ అనుకొని పోయినవాడు ఒక గంట ఆలస్యముగా చేరును, ఏలయన అది ఎనిమిదివైపు సగము నడచిన గంట, అనగా ఏడున్నర. అంకెలును అట్టివే. ఇరువది యొకటిని వారు ఒకటియు ఇరువదియు అని తలక్రిందులుగా చెప్పుదురు. ఫోను సంఖ్య వ్రాసికొనునప్పుడు జాగ్రత్త వలయును. ఇంత నియమము గల దేశమున రైళ్లు మాత్రము మన రైళ్లవంటివే. దూరప్రయాణపు రైళ్లలో 2024వ సంవత్సరమున మూడింట ఒక వంతుకు మించి ఆలస్యముగా నడచినవి. ఆలస్యమైన రైలునుగూర్చి సణుగుటలో వారికి గల సమరసత చూచి, మేము స్వదేశముననే యున్నట్లు సంతోషించితిమి.

పట్టణపు ట్రాములకును స్థానిక రైళ్లకును గేట్లు లేవు. ఎవరును అడుగరు, ఎక్కుటయే. కాని ఎప్పుడో ఒకప్పుడు తనిఖీదారు వచ్చును, టిక్కెట్టు లేనివాడు 60 యూరోలు చెల్లింపవలెను. పల్లెదారుల ప్రక్కన బంగాళాదుంపలు, కోడిగ్రుడ్లు, పూలు ఒక బల్లమీద నుంచి, ప్రక్కన డబ్బీ పెట్టి రైతు తన పనికి పోవును. కొనువారు వెల చూచి డబ్బీలో వేసి పోవుదురు. ప్లాస్టికు సీసాకును రేకు డబ్బాకును 25 సెంట్లు ముందుగా పుచ్చుకొని, ఖాళీది తిరిగి యిచ్చినప్పుడు మరల యిచ్చు పద్ధతి 2003వ సంవత్సరము నుండి నడుచుచున్నది. కొందరు త్రాగిన సీసాను చెత్తబుట్టలో పడవేయక దాని ప్రక్కన నిలువబెట్టి పోవుదురు. రాత్రివేళ సీసాలు ఏరుకొని జీవించు వృద్ధులు చెత్తలో చేయి పెట్టనక్కరలేకుండ ఇట్లు చేయుదురని తెలిసినది. ఆ ధనిక దేశమున వృద్ధులు సీసాలు ఏరుకొనుట చూచి మేము నిలిచిపోయితిమి. ఆ సీసాను నిలువబెట్టిన చేతిని చూచియు నిలిచిపోయితిమి.

దేవాలయమునకు పోయినప్పుడు మా కాళ్లు గుమ్మమునొద్ద తమంతట తామే చెప్పులు విడువబోయినవి. అచ్చట బూట్లతోనే లోపలికి పోవుదురు. పురుషులు టోపి తీయుదురు. స్త్రీలొక ప్రక్కను పురుషులొక ప్రక్కను అను ఏర్పాటు లేదు. తలపై ముసుగు లేదు. పాడవలసిన కీర్తనల సంఖ్యలు గోడమీది పలకపై ముందుగనే అమర్చియుండును. సంఘ సభ్యుల ఆదాయపు పన్నుపై నూటికి 8 గాని 9 గాని వంతున సంఘపు పన్నును ప్రభుత్వమే వసూలుచేసి సంఘమునకు ఇచ్చును. కోతపండుగనాడు కోడిపుంజును, గుమ్మడికాయను, బియ్యపు మూటను చంకనిడుకొని వచ్చి వేలము పాడుకొను మన సంఘస్థులకు ఇది ఎట్లు కనబడునో! ఆరోహణ దినమును, పెంతెకొస్తు మరునాటి సోమవారమును అచ్చట దేశమంతటికిని సెలవు. అయినను చట్టముచేత కాపాడబడిన ఆ ఆదివారమున బల్లలు చాలవరకు ఖాళీగా నుండెను. వచ్చినవారిలో పలువురు మాకంటె పెద్దవారు. మన యిచ్చట గంట మ్రోగిన అరగంటకు గాని జనము చేరదు, చేరిన పిదప చోటు చాలదు. ఈ రెండింటిలో ఏది మేలని మమ్ము అడిగిన యెడల, చోటు చాలనిదే మేలని సంకోచింపక చెప్పుదుము. గంటకు వచ్చినచో మరియు మేలు.

అచ్చటినుండి అతిథులు మన పాఠశాలకును మన యిండ్లకును వచ్చుట కలదు గనుక, తలిదండ్రులకు ఒక విన్నపము. వారు రాత్రి 10 గంటలకు పండుకొనుటకు పోయినచో మన మాటలు వారికి రుచింపలేదని తలపవలదు. ఇంటిలో వారికొరకు ఒక గది తలుపు మూసికొనుటకు వీలుగా నున్నచో, వారు అది మూసికొన్నప్పుడు కోపమువచ్చినదేమో యని బయట నిలువబడి పిలువవలదు. జీతమెంత, ఇంకను వివాహమేల కాలేదు అని మొదటి దినముననే అడుగవలదు. మూడవ దినమున వారే చెప్పుదురు. భోజనమునకు కూర్చున్నప్పుడు వారు ఒకసారి వద్దన్నచో అది వద్దనుటయే; అంతటితో గరిటె దింపవలెను. ఈ చివరి మాట మన తల్లులెవ్వరును వినరని మాకు తెలియును.